దోపిడి, కరువు, ముద్ర: దారిద్ర్యమునకును హింసాత్మక నేరమునకును గల సంబంధము

'దోపిడి' అను మాటకు నేడు మన భాషలో రెండర్థములు కలవు. దారి కాచి బాటసారుల మూటలు లాగికొనుట ఒకటి. శ్రమించువాని ఫలమును శ్రమింపనివాడు అనుభవించుట రెండవది. వీనిలో మొదటి అర్థమే పాతది. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున ఈ పదమునకు కొల్లగొట్టుట అను భావమే కాని రెండవ భావము కానరాదు. రెండవది 20వ శతాబ్దమున సామ్యవాద వాఙ్మయము వెంట వచ్చి స్థిరపడినది. ఒకే పదము దొంగకును దొరకును చెల్లుట భాషాశాస్త్రమున అర్థవ్యాప్తికి మంచి ఉదాహరణము. మాకు మాత్రము ఇందొక చారిత్రక ప్రశ్న తోచినది. ఈ రెండు దోపిడులకును నిజముగా సంబంధము కలదా? ఉన్నచో అది ఎట్టిది? బీదవాడు బీదవాడగుటచేతనే కత్తి పట్టునా?

ఈ ప్రశ్నకు లోకమున రెండు సమాధానములు చిరకాలముగా చెల్లుచున్నవి. ఆకలిగొన్నవాడు చేయని పాపము లేదను నీతి ఒకటి. నేరము కొన్ని కులములకు వంశపారంపర్యముగ సంక్రమించు వృత్తియను పోలీసు సిద్ధాంతము మరియొకటి. మొదటిది జాలితో చెప్పబడినది. రెండవది భయముతో చెప్పబడినది. చూపునకు ఇవి పరస్పర విరుద్ధములు. అయినను రెండును నేరమును బీదవాని ఇంటనే వెదకును. ఆ ఇంటికెదుట నున్న మేడవైపు చూడవు. ఈ వ్యాసమున మేము ప్రధానముగా పూర్వపు మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల చరిత్రను, 1860 మొదలు 1950 ప్రాంతము వరకు గల కాలమును ఆధారముగా గైకొందుము. అవసరమగుచోట ఇతర దేశముల గణాంక విచారములను, ఇటీవలి సంఘటనలను స్పృశింతుము.

ముందుగా ఆధారముల స్వభావమును గుర్తింపవలెను. తామ్రశాసనము చేతికి వచ్చినపుడు ఇది కూటశాసనమా కాదా యని పదిమారులు శంకించు మన పరిశోధకులు, పోలీసు లెక్కలను మాత్రము శంకింపక గైకొనుట వింత. 1859లో మద్రాసు రాజధానికి కొత్త పోలీసు చట్టము ఏర్పడినది. 1860లో శాసనమై 1862 జనవరి 1 నుండి అమలు జరిగిన భారత శిక్షాస్మృతి, 391వ విభాగమున బందిపోటును నిర్వచించినది. ఐదుగురుగాని అంతకు మించినవారుగాని కలసి బలాత్కారముగ దోచినను, దోచుటకు యత్నించినను అది బందిపోటు. నలుగురు చేసిన అదే పని కేవలము దోపిడి. బందిపోటునకు యావజ్జీవ శిక్ష విధింపవచ్చును. ఆ ఐదుగురిలో ఒకడు హత్య చేసినచో, 396వ విభాగము ననుసరించి అందరును మరణశిక్షకు పాత్రులగుదురు. 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 310వ విభాగమునందును ఐదు అను ఈ సంఖ్య మారలేదు.

ఈ నిర్వచనమున కత్తి లేదు, గుఱ్ఱము లేదు, అడవి లేదు, ముఠానాయకుడు లేడు. సంఖ్య మాత్రమే కలదు. కరువునాడు ఒక పల్లెవారు ఇరువదిమంది కూడి, దారిన పోవు ధాన్యపు బండి నాపి, బండివానిని ప్రక్కకు నెట్టి, నాలుగు బస్తాలు దించుకొని పోయిరనుకొందము. చట్టము దృష్టిలో వారిరువదిమందియు బందిపోట్లే. ఆ సంవత్సరపు నివేదికలో ఘోర నేరములు పెరిగినవని వ్రాయబడును. రక్తము చిందినదా లేదా యన్నది ఆ అంకెలో కనబడదు. మరియొక వైపున, శిస్తు వసూలునకై రైతులను చిత్రహింసలకు లోనుచేయుట సర్కారు క్రింది ఉద్యోగులలో వాడుకగా నుండెనని 1855లో నివేదిక సమర్పించిన మద్రాసు విచారణ సంఘమే ఒప్పుకొనినది. ఆ హింసకు బందిపోటను పేరు ఎవరును పెట్టలేదు. ఎవరి హింస నేరముగ లెక్కకు వచ్చును, ఎవరిది రాదు అన్న విషయమును మరచి లెక్కలు చదివినచో, చదివినది చరిత్ర కాదు, ఠాణా దినచర్య.

నేరమును ఏటేట లెక్కించు పద్ధతి ఫ్రాన్సు దేశమున 1820ల దశకమున స్థిరపడినది. ఆ లెక్కలను ఆధారము చేసికొని గెర్రీ అను ఫ్రెంచి న్యాయవాది 1833లోను, బెల్జియము దేశపు గణితజ్ఞుడగు కెత్లె 1835లోను గ్రంథములు వెలువరించిరి. తమ ఫలితము వారినే ఆశ్చర్యపరచినది. మిక్కిలి బీదవని పేరొందిన మండలములందు నేరములు మిక్కుటముగ లేవు. కొన్నింట మిక్కిలి స్వల్పముగ నుండెను. దీనికి కెత్లె చెప్పిన సమాధానము గమనింపదగినది. పేదరికము తనంతట నేరమును పుట్టింపదు. ఉన్న స్థితి నుండి హఠాత్తుగ జారిపడుట, చుట్టును సంపద కనబడుచుండగా తనకు లేకుండుట, ఇవి పుట్టించును. దాదాపు రెండు వందల ఏండ్లనాటి ఈ మాటకు నేటికిని వన్నె తగ్గలేదని మా యభిప్రాయము.

1867లో గేయార్గ్ ఫాన్ మయర్ అను జర్మను పండితుడు బవేరియా రాజ్యమున రై ధాన్యపు ధరకును దొంగతనములకును గల పొత్తును చూపెను. ధర పెరిగిన ఏట దొంగతనములు పెరిగినవి. ఆ లెక్కలనే 2006లో ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు, మేలుమ్, మిగ్వెల్, టోర్విక్ అనువారు, మరల పరిశీలించిరి. ధాన్యపు ధర పెరిగిన ఏడులలో ఆస్తి నేరములు పెరిగినను, మనుష్యులపై జరిగిన దౌర్జన్యములు తగ్గినవని తేలినది. ఆ ఏడులలో బీరు సైతము ప్రియమై, త్రాగుట తగ్గుటయే ఇందుకు కారణము కావచ్చునని వారి ఊహ. కారణమేదైనను, ఆకలి మనుష్యుని దొంగను చేసినంత సులభముగ హంతకుని చేయదనుటకు ఇది యొక సాక్ష్యము. ఇక మన సీమకు వత్తము.

తెలుగువారు కరువులకు సంవత్సర నామములు పెట్టి జ్ఞాపకముంచుకొనిరి. గుంటూరు సీమను ధ్వంసము చేసిన 1832-33 నాటి క్షామము నందన కరువు. ఐదు లక్షల జనులలో సుమారు రెండు లక్షల మంది అందు మడిసిరని చరిత్ర గ్రంథములు చెప్పుచున్నవి. 1876లో ప్రారంభమైనది ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాలు దానిచే దారుణముగ దెబ్బతిన్నవి. (అనంతపురము అప్పటికి బళ్లారి జిల్లాలో భాగమే; 1882లో గాని వేరుపడలేదు.) వానలు తప్పుట ఒక్కటే ఆ కరువునకు లక్షణము కాదు. అంతకు ఐదేండ్లకు ముందే మద్రాసు నుండి రాయచూరు వరకు రైలుమార్గము పూర్తియై బొంబాయి మార్గముతో కలిసినది. తంతి వార్తలు వచ్చినవి. పూర్వము ఒక తాలూకాలో పంట పోయినచో ఆ తాలూకాలో ధర పెరుగుచుండెను. ఇప్పుడు దూరపు అంగడి వార్తను బట్టి, కళ్ల ముందు పాతర నిండియుండగనే, ధర ఒక్క వారములో రెట్టింపగుటకు వీలు కలిగినది. మద్రాసు ప్రభుత్వము మొదట స్వయముగ ధాన్యము కొని నిలువచేయ యత్నించినది. వర్తకుల వ్యాపారమున జోక్యము కూడదని పై ప్రభుత్వము దానిని వారించినది.

1876 శరదృతువున, ధరలు ఒక్కమారుగ ఎగసినపుడు, దోపిడులు చెలరేగినవి. ధాన్యపు బండ్లు, కోమటుల కొట్లు, పాతరలు వానికి గురియైనవి. ఈ ఘట్టమును డేవిడ్ ఆర్నాల్డ్ అను ఆంగ్ల చారిత్రకుడు 1979లో మద్రాసు గ్రామసీమల బందిపోటులను గూర్చిన వ్యాసమునను, 1984లో ఈ కరువును గూర్చియే వ్రాసిన వ్యాసమునను విపులముగ పరిశీలించెను. ఆయన చూపిన విషయములలో రెండు మాకు ముఖ్యములుగ తోచినవి. దోపిడులు కరువు ముదిరినపుడు కాదు, ప్రారంభమున హెచ్చుగ జరిగినవి. కరువు ముదిరిన కొలది అవి సన్నగిల్లినవి. అనగా ఆకలి పరాకాష్ఠ నందిన దశకును హింస పరాకాష్ఠ నందిన దశకును పొత్తు కుదరదు. రెండవది, దోచినవారిలో పెక్కుమంది పోలీసు పుస్తకములలోని 'వృత్తి దొంగలు' కారు. నిన్నటి వరకు కూలి దొరికినవారు, చిన్న కమతగాండ్రు, పల్లె పేదలు. వర్తకుడు ధాన్యము దాచెననియు, పూర్వపు మర్యాద ప్రకారము అప్పు పెట్టకపోయెననియు వారి కోపము. కూలిదొరకని కాలమున, పంటకు ముందటి మండుటెండల నెలలలో, బందిపోటులు హెచ్చుట మామూలు ఏడులందును కనబడు లక్షణమే.

ఇది కెత్లె చెప్పిన దానికి చక్కగ సరిపడును. తరతరములుగ ఒక్కపూట గంజితో బ్రదుకువాడు ఆ గంజినే తన వంతనుకొనును. ఆ గంజియు ఒక వారములో మాయమై, అదే వీధిలో గింజలు నిండిన కొట్టునకు కొత్త తాళము పడినచో, అది అతనికి ప్రకృతి వైపరీత్యముగ తోచదు. ఒక మనుష్యుడు తనకు చేసిన ద్రోహముగ తోచును. ఆ తరువాత కొలది మాసములలో ఆ శక్తియు ఉడిగిపోవును. వలస, బిచ్చము, సహాయక శిబిరము, మరణము. 1943 నాటి వంగక్షామమును గూర్చి అమర్త్య సేన్ చెప్పిన విషయము పాఠకులకు జ్ఞాపకముండవచ్చును: కలకత్తా వీధులలో నిండిన తినుబండారముల అంగళ్ల ముందే జనులు ప్రాణములు విడిచిరి, అంగళ్లు పగులలేదు. దారిద్ర్యమే హింసకు సాక్షాత్కారణమైనచో ఆ వీధులలో ఒక్క గాజుపలక మిగిలియుండదు.

ధాత కరువునాటి మరియొక వృత్తాంతమును ఇచట చెప్పుట అప్రస్తుతము కాదు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గింపుటకై వచ్చి, సహాయక పనులలో దినకూలిని సుమారు ఒక పౌను ధాన్యపు విలువకు దించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ దీనిని తీవ్రముగ ప్రతిఘటించెను. చెఱసాలలో కఠిన శిక్ష ననుభవించు ఖైదీకి ఇచ్చు తిండి కంటె, ఏ నేరమును చేయక రోజంతయు మన్ను మోయు కూలివానికి దొరకు తిండి తక్కువగ నుండెనని ఆనాటి విమర్శకులు లెక్కలతో చూపిరి. విలియం డిగ్బీ 1878లో ప్రకటించిన గ్రంథమున ఈ వివాదమంతయు కలదు. నేరము చేయనివాని కంటె చేసినవాని కడుపు నిండునట్లు ఏర్పాటు చేసి, పిమ్మట నేరములేల పెరిగినవని ప్రభుత్వము విచారించుట విచిత్రము.

1918 నాటి ధాన్యపు అల్లరులను గూర్చి క్లుప్తముగ చెప్పి ముందునకు పోదుము. యుద్ధము చివరి సంవత్సరమున బియ్యము, గుడ్డ, కిరసనాయిలు, ఉప్పు ధరలు కూలివాని అందుబాటును మించినవి. ఆ ఏడు మే నుండి సెప్టెంబరు వరకు మద్రాసు రాజధానిలో అంగళ్లపై దాడులు నూటికి పైగా జరిగినవి. అందు అధిక భాగము సెప్టెంబరులోనివే. పెక్కుచోట్ల జనులు అంగడిని కొల్లగొట్టుటకు ముందు, న్యాయమగు ధరకు అమ్ముమని వర్తకుని అడిగిరి. 18వ శతాబ్దపు ఇంగ్లండు జనసమూహములను గూర్చి ఇ. పి. థాంప్సన్ 1971లో వివరించిన నడవడియే ఇది. ధర నడిగి, కొలత నడిగి, కాదన్నపుడు దోచుకొనువానిని బందిపోటనుటకు శిక్షాస్మృతి చాలును, చరిత్ర చాలదు.

ఇంతవరకు చెప్పినది కరువు కాలపు మాట. ఇక మామూలు కాలమున నేరమునకు ముద్రవేయబడిన వారి చరిత్ర. ఇచట కొంత నిలువవలెను. ఏలయన, అసమానత నేరమును ఎట్లు 'తయారుచేయునో' తెలిసికొనుటకు ఇంతకు మించిన దృష్టాంతము మన సీమలో లేదు.

ఎఱుక యనగా తెలివి. ఎఱుక చెప్పువారు ఎఱుకలవారు. యక్షగానములలో బుట్ట చంకబెట్టుకొని వచ్చి నాయికకు శుభము పలుకు ఎఱుకత పాత్ర మన సాహిత్య విద్యార్థులందరికిని పరిచితమే. ఆ జాతిలోని తెగల పేర్లను చూడుడు: ఉప్పు ఎఱుకల, దబ్బ ఎఱుకల, కరివేపాకు ఎఱుకల. సముద్రతీరపు ఉప్పును గాడిదలపైనను ఎద్దులపైనను వేసికొని మెట్ట సీమలకు పోయి, మార్పునకు ధాన్యము తెచ్చువారు ఉప్పు ఎఱుకలవారు. వెదురుదబ్బలతో బుట్టలు, తట్టలు అల్లువారు దబ్బ ఎఱుకలవారు. ఈ పేర్లన్నియు వృత్తి నామములే. వీనిలో దొంగతనము లేదు. థర్స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణభారత కులముల కోశమున ఈ తెగల వివరములు దొరకును.

ఇక వారి బ్రతుకుతెరువునకు ఏమైనదో చూతము. 1805లో కుంఫిణీ మద్రాసు రాజధానిలో ఉప్పును సర్కారు గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చినది. అయినను రోడ్లు లేని లోపలి సీమలకు సంచార వర్తకుడు లేక గడవదు. 19వ శతాబ్ది మధ్య భాగము తరువాత రైలు వచ్చినది, ఉప్పు రైలెక్కినది. ధాత కరువులో పశువులు చచ్చినవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో వెదురు నరకుటకు, పశువులను మేపుటకు అడ్డు ఏర్పడినది. ఒక తరములో ఒక జాతి తిండి మార్గములన్నియు ఒకదాని వెంట ఒకటి మూతపడినవి. మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన గ్రంథమున ఈ పతనమును సర్కారు దస్త్రముల నుండియే నిరూపించిరి. పూర్వము ఉపయోగకరులగు వర్తకులుగ దస్త్రములలో కనబడిన వారే, వర్తకము పోయిన పిదప అనుమానాస్పదులగు దిమ్మరులుగ మారిరి. జాతి మారలేదు, దానిని చూచు కన్ను మారినది. పోలీసు అధికారి ముల్లాలీ 1892లో మద్రాసు రాజధాని నేర జాతులను గూర్చి పుస్తకము వ్రాసెను. పాపారావు నాయుడు అను పోలీసు అధికారి 1905లో ప్రత్యేకముగ కొరవ, ఎఱుకల, కైకాడీలను గూర్చియే వ్రాసెను. అవి అచ్చయిన నాటి నుండి ఠాణాలో కేసు రాకమునుపే నిందితుడు సిద్ధముగ నుండెను.

1871లో ఉత్తర హిందూస్థానమునకై చేయబడిన నేరజాతుల చట్టము 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వర్తించినది. ఒక తెగను నేరజాతిగ ప్రకటించుటకు విచారణ అక్కరలేదు. ప్రకటించిన పిమ్మట న్యాయస్థానమున ప్రశ్నించుటకు వీలులేదు. పేరు నమోదు, వేలిముద్రలు, వేళకు ఠాణాలో హాజరు, ఊరు కదలుటకు అనుమతి చీటి. అవసరమని తోచినచో కుటుంబముతో సహా నిర్బంధ నివాసము. 1924లో ఇదంతయు మరల క్రోడీకరింపబడినది. కులము వృత్తిని నిర్ణయించు దేశమున నేరమును ఒక కులవృత్తియే యగునన్నది ఈ చట్టమును సమర్థించినవారి తర్కము. మన వర్ణవ్యవస్థను పరిహసించినవారే అవసరము వచ్చినపుడు దానిని ప్రమాణముగ గైకొనిరి.

సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థ యాజమాన్యమున సీతానగరమునను, బాపట్ల చేరువ స్టూవర్టుపురమునను ఇట్టి నివాసములు వెలసినవి. రెండవ దానికి గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టిరి. కావలి నివాసమును అమెరికన్ బాప్టిస్టు మిషను నడపినది. స్టూవర్టుపురమువారు చీరాల పొగాకు కర్మాగారమునకు కూలికి పోయిరి. చట్టము చేతిలోనున్నంతకాలము ఆ కూలివారికి పని మానుకొని పోవు స్వేచ్ఛ లేదు. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి పెంచుట సంస్కరణమార్గముగ భావింపబడినది. మిషనరీలలో దయార్ద్రహృదయులు లేకపోలేదు; చదువు చెప్పినవారున్నారు, వైద్యము చేసినవారున్నారు. అయినను దయ ఒక ప్రక్కను వేలిముద్రల పుస్తకము ఒక ప్రక్కను ఉన్నచోట, పెరిగిన బిడ్డ తన్ను గూర్చి ఏమి నేర్చుకొనునో ఊహింపవచ్చును. ఊరి పేరు చెప్పిన వానికి ఎవరును కొలువీయరు. కొలువు లేనివాడు దొంగిలించినచో, చూచితిరా రక్తగుణము అందురు. సిద్ధాంతము తన్ను తాను ఋజువు చేసికొనుటకు ఇంతకు మించిన యేర్పాటు ఉండదు.

అనంతశయనము అయ్యంగారి అధ్యక్షతన 1949లో ఏర్పడిన సంఘము ఈ చట్టమును తొలగింపవలెనని సిఫారసు చేసినది. మద్రాసు రాష్ట్రమున అంతకు ముందే, 1947లో, అది రద్దయినది. దేశమంతట 1952 ఆగస్టు 31న రద్దయి, ఆ జాతులవారు విముక్త జాతులైరి. నెల్లూరు సీమలో యానాదుల అభ్యున్నతికై జీవితమును ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ విముక్తికై పాటుపడిన ప్రముఖులు. 1970ల దశకము నుండి విజయవాడ నాస్తిక కేంద్రమునకు చెందిన హేమలతా లవణముగారు స్టూవర్టుపురమున చేసిన సేవను గూర్చి తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అయినను రద్దయిన చట్టము స్థానమున మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టము వచ్చి కూర్చున్నది. జాతి యను మాట పోయి అలవాటు అను మాట వచ్చినది. కారాగార నియమావళులలో ఈ భావములు ఎంత లోతుగ పాతుకొనియున్నవో, వానిని రాజ్యాంగ విరుద్ధములని కొట్టివేయుటకు 2024 అక్టోబరు 3 నాటి సుప్రీంకోర్టు తీర్పు వరకు ఆగవలసివచ్చిన విషయమే చెప్పుచున్నది.

ఆధునిక గణాంకశాస్త్రజ్ఞులు ఈ సమస్యను దేశములను పోల్చి చూచుచున్నారు. ఫాయిన్జిల్బెర్, లెడెర్మన్, లోయాయిజా అనువారు 2002లో ప్రకటించిన వ్యాసము, ఆదాయ వ్యత్యాసము హెచ్చుగా గల దేశములందు హత్యలు, దోపిడులు హెచ్చుగ నుండునని చూపినది. 2011లో ప్రైడ్‌మోర్ అను నేరశాస్త్రజ్ఞుడు దీనిని ఆక్షేపించి, దారిద్ర్యమును సరిగ కొలిచినచో అసమానత ప్రభావము నిలువదనెను. ఈ వివాదమున తీర్పు చెప్పు అధికారము సాహిత్యశాఖలోని మాకు లేదు. కాని ఒక్క సందేహము కలదు. ఈ లెక్కలు నేరము ఎచట హెచ్చో చెప్పును. ఎవరు ఎవరిని చంపిరో చెప్పవు. అసమాన సమాజమున హింస క్రింది నుండి పైకి మాత్రమే పోవునా?

శూద్రకుని మృచ్ఛకటికమును ఒక్కమారు స్మరింతము. అందు సంధి త్రవ్విన శర్విలకుడు పేదవాడు, బ్రాహ్మణుడు. ప్రియురాలిని దాస్యము నుండి విడిపింప దొంగిలించెను, ఎవరిపైనను చేయి చేసికొనలేదు. వసంతసేన గొంతు నులిమినవాడు రాజశ్యాలుడగు శకారుడు. నిందితుడైనది చారుదత్తుడు. బీదవాడు గనుక నగలకై చంపియుండునని సభవారికి సులభముగ తోచినది. దారిద్ర్యమే అచట సాక్ష్యమైనది. ఇది నాటకమని త్రోసివేయ వీలులేదు. 1968 డిసెంబరు 25 రాత్రి తంజావూరు జిల్లా కీళ్వెణ్మణిలో, కూలి హెచ్చింపుమని యడిగిన హరిజన వ్యవసాయ కూలీల కుటుంబములవారు 44 మంది ఒక గుడిసెలో సజీవదహనము చేయబడిరి. అందు ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. 1970ల దశకమున మద్రాసు హైకోర్టు భూస్వాములను విడిచిపెట్టుచు, విస్తార భూములు, కార్లు గల పెద్దమనుష్యులు స్వయముగ నడచిపోయి నిప్పు పెట్టియుందురనుట నమ్మశక్యము కాదని భావించినది. చారుదత్తునికి పేదరికము సాక్ష్యమైనట్లు, అచట సంపద నిర్దోషిత్వమునకు సాక్ష్యమైనది.

మన కృష్ణా డెల్టా కాలువల క్రింద కరువు లేదు. 1985 జూలై 17న కారంచేడులో చెరువు నీటి విషయమున మొదలైన తగవు పెరిగి ఆరుగురు దళితులు చంపబడిరి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది చంపబడిరి. ఈ రెంటికి నడుమ, 1989లో, షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము వచ్చినది. ఈ రెండు ఊళ్లలోను చంపినవారు ఆకలిగొన్నవారు కారు. చనిపోయినవారి వర్గమున చదువు ప్రవేశించినది. రేవున, దారిన, పిలుపున పూర్వపు వంగుబాటు తగ్గినది. ఆస్తి వ్యత్యాసము తగ్గకయే అణకువ తగ్గినందున పుట్టిన హింస ఇది. క్రిందివాడు జారిపడినపుడు ధాన్యపు బండి ఆగినట్లే, క్రిందివాడు తలయెత్తినపుడు గొడ్డలి లేచినది. జారుటయు ఎత్తుటయు రెండును మార్పులే. కెత్లె మొదటి దానిని చూచెను గాని రెండవ దానిని చూడలేదు.

కారంచేడు కేసున 2008లో సుప్రీంకోర్టు ప్రధాన నిందితునికి యావజ్జీవ శిక్షను స్థిరపరచినది. చుండూరు కేసును ఆ గ్రామముననే నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానము విచారించి, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్షను, 35 మందికి ఒక సంవత్సరపు శిక్షను విధించినది. 2014 ఏప్రిలులో హైకోర్టు వారినందరిని నిర్దోషులని విడిచిపెట్టినది. 2022 ఏప్రిలులో ఏర్పడిన కొత్త బాపట్ల జిల్లాలో కారంచేడు, చుండూరు, స్టూవర్టుపురము మూడును చేరినవి. వీనిలో చలనచిత్రముల వారు దొంగల ఊరని ప్రసిద్ధికి తెచ్చినది మూడవ దానినే.